స్టీల్ బ్రిడ్జి మీద ఖార్దుంగ్ లా

అందరి పర్సుల్లో దేవుడి బొమ్మ ఉండే చోట శ్రీశైలం పర్సులో ఒక జిరాక్సు కాగితం ఉంటుంది. నాలుగు మడతలు పెట్టి, ప్లాస్టిక్ కవరులో చుట్టి, లైసెన్సు వెనకాల దాచుకున్న నలభై ఏడో పేజీ అది. ఈ పన్నెండేళ్లలో మూడు పర్సులు మారాయి, కాగితం మాత్రం మారలేదు. అతని భార్య నవనీత అశోక్‌నగర్‌లో ఒక ఆడపిల్లల హాస్టల్లో వంట చేస్తుంది. "గా కాగితం పారెయ్యరాదు? దాన్ని తీసిన పొద్దల్లా నీకు బువ్వ సయించదు" అని ఆమె నూరుసార్లు అని ఉంటుంది. శ్రీశైలం పారెయ్యలేదు. పాము పగ పన్నెండేళ్లంటారు. ఇతనిదీ అంతే పట్టింది.

ఆ పేజీలో ఇలా ఉంటుంది: "కనుమ ఇంకా రెండు కిలోమీటర్లు ఉందనగా, గాలి పలచబడి, నా వెంట వచ్చిన డ్రైవరు శ్రీశైలం స్పృహ తప్పి పడిపోయాడు. పాపం పల్లెటూరి మనిషి, ఆ ఎత్తుకు తట్టుకోలేకపోయాడు. అతణ్ని వెనక సీట్లో పడుకోబెట్టి నేనే స్టీరింగ్ అందుకున్నాను."

రాసింది సుందరరావు గారు. గాంధీనగర్‌లో సొంత అపార్ట్‌మెంటు కట్టుకుని అందులోనే పై అంతస్తులో ఉంటున్న కాంట్రాక్టరు. పుస్తకం పేరు 'హిమశిఖరాల మీద నా స్టీరింగ్'. అట్ట మీద ఫోటోలో ఆయన డ్రైవరు సీట్లో కూర్చుని, తలుపు తెరిచి, ఒక చెయ్యి స్టీరింగ్ మీద వేసి, వెనక మంచు కొండతో నవ్వుతూ ఉంటాడు. ఆ ఫోటో తీసింది శ్రీశైలమే. పడిపోయింది సుందరరావు గారు.

శ్రీశైలానిది నల్లమల అంచున మన్ననూరు. పుట్టినప్పుడు పెట్టిన పేరు ఊరికే పోలేదు. పద్నాలుగో ఏట లారీ క్లీనరుగా ఎక్కి శ్రీశైలం ఘాటు రోడ్డు మీదే డ్రైవింగు నేర్చాడు. ఎక్కిన గేరులోనే దిగాలని, ఎదురుగా ఎక్కి వచ్చే బండికి దారి ఇవ్వాలని, మలుపులో హారన్ కొట్టి చెవి ఒగ్గి వినాలని అతనికి బడిలో ఎక్కాలు వచ్చినట్టు వచ్చాయి. హైదరాబాదు వచ్చి చిక్కడపల్లి టాక్సీ అడ్డాలో చేరాక ఊళ్లో తిరిగే కిరాయిలు మిగతావాళ్లు చూసుకునేవారు. బదరీనాథ్ అన్నా, గంగోత్రి అన్నా, అరకు అన్నా కొండ పేరు వినిపిస్తే మాత్రం అందరూ అతని వైపే చెయ్యి చూపేవారు. అడ్డాలో అతని పేరు కొండల శ్రీశైలం. ఆ పేరు పిలిస్తే అతను కొంచెం ఆగి పలికేవాడు, ఇంకోసారి వినాలని.

సుందరరావు గారు పిలిచినప్పుడు శ్రీశైలం ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. హైదరాబాదు నుంచి లద్దాఖ్ దాకా, ఇద్దరే, ఆయన కారులో. మనాలి దాటాక మొదలైన రోడ్డును శ్రీశైలం జీవితంలో మరిచిపోలేదు. చెట్టన్నది లేని కొండలు. ఒకటి పసుపు, ఒకటి ఇటుక రంగు, దాని వెనకది వంకాయ రంగు. ఒక చోట ఇరవై ఒక్క మలుపులు ఒకదాని నెత్తిన ఒకటి. పైకెళ్లి కిందికి చూస్తే తాము వచ్చిన దారి ఎవరో విప్పి పారేసిన మొలతాడులా పడి ఉంది. గాలి పలచనై ఇంజను దగ్గుతుంటే అతను దానితో మెల్లగా మాట్లాడుతూ ఎక్కించాడు. మంచు కరిగి రోడ్డుకు అడ్డంగా పారే వాగుల్లో మొదటి గేరు వేసి, ఆపకుండా, తొందరపడకుండా దాటించాడు. ముప్ఫై ఏళ్లు తను నేర్చుకున్నదంతా ఈ రోడ్డు కోసమే అనిపించింది. రాత్రి ఆగిన చోట నవనీతకు ఫోన్ చేసి, చెప్పడానికి మాటలు రాక, "బాగుందే" అని మాత్రం అన్నాడు.

ఖార్దుంగ్ లా అనే ఆ కనుమ ఎక్కేటప్పుడు సుందరరావు గారి పెదాలు నీలమయ్యాయి. "శ్రీశైలం, నువ్వే పట్టు, నా వల్ల కాదు" అన్నాడు. అన్నంత మాత్రాన ఆయన అప్పటిదాకా స్టీరింగ్ పట్టుకున్నాడని కాదు. తన ప్రాణాన్ని పట్టుకోమన్నాడు. అని పక్కకు ఒరిగిపోయాడు. శ్రీశైలం చొక్కా గుండీలు విప్పి, రుమాల్లో కర్పూరం కట్టి ముక్కు దగ్గర పెట్టి, ఒక చేత్తో ఆయన భుజం, ఒక చేత్తో స్టీరింగ్ పట్టుకుని ఆ రెండు కిలోమీటర్లూ ఎక్కించాడు. పైన సైనికుల దగ్గర వేడి చాయ్ తాగించాడు. మనిషి తేరుకున్నాక అడిగింది ఒక్కటే: "ఆ సీట్లో కూర్చుంటాను, ఒక ఫోటో తియ్యి."

పుస్తకం విడుదల సభ బాగ్ లింగంపల్లిలో జరిగింది. "నీ పేరు కూడా ఉంది, రా" అని సుందరరావు గారే ఫోన్ చేశాడు. శ్రీశైలం ఇస్త్రీ చొక్కా వేసుకుని, నవనీతకు పెళ్లినాటి చీర కట్టించి తీసుకెళ్లాడు. వెనక వరసలో కూర్చున్నారు. సుందరరావు గారు కళ్లజోడు సర్దుకుని నలభై ఏడో పేజీ చదివాడు. జనం చప్పట్లు కొట్టారు. నవనీత భర్త ముఖం వైపు చూడలేదు. అతని చెయ్యి పట్టుకుని, బయటికి తీసుకొచ్చి, బస్సెక్కించింది.

ఆ తర్వాత సంగతి ఊహించడం కష్టం కాదు. యాత్ర మాట్లాడుకోవడానికి వచ్చినవాళ్లు "పైన పడిపోయిన డ్రైవరంటే నువ్వేనా?" అని అడిగేవారు. కాదని చెబితే, మరి పుస్తకంలో అచ్చయిందిగా అనేవారు. అచ్చులో ఉన్న అబద్ధానికి ఉన్న బలం నోట్లో ఉన్న నిజానికి ఉండదు. రెండు వేసవులు గడిచేసరికి కొండ కిరాయిలు ఇతరులకు పోయాయి. కొండల శ్రీశైలాన్ని అడ్డాలో పడిపోయిన శ్రీశైలం అన్నారు. మూడో ఏడు అతను అడ్డా వదిలేసి నారాయణగూడలో ఒక డ్రైవింగ్ స్కూల్లో నేర్పే పనికి కుదిరాడు. నెత్తి మీద పెద్ద ఎల్ బోర్డు ఉన్న చిన్న కారు. నేర్చుకునేవాళ్లకు మూడు పెడళ్లు, పక్కన కూర్చునే శ్రీశైలానికి రెండు: ఒక క్లచ్, ఒక బ్రేకు. పదిహేడు వేల అడుగులు ఎక్కిన కాళ్లు చిక్కడపల్లి గల్లీల్లో గంటకు పది కిలోమీటర్ల వేగంతో బ్రేకు తొక్కుతూ కూర్చున్నాయి. ఆ మనిషి ఎప్పటికైనా నా చేతికి చిక్కాలి అని అతను రోజూ కోరుకున్నాడు. చిక్కితే ఏం చేయాలో మాత్రం తెలియదు.

ఈ ఏడు ఎండాకాలంలో చిక్కాడు.

సుందరరావు గారికి ఒక మనవరాలు, నిహారిక, ఇంజనీరింగు చదువుతోంది. తాత పుస్తకం ఆమెకు కంఠతా వచ్చు. తాతకు కొత్త కారు కొనిపించింది. దాన్ని మనాలి దాకా ఎవరైనా డ్రైవరు చేరుస్తాడు, అక్కడినుంచి ఖార్దుంగ్ లా దాకా తాతే నడపాలి, తను వీడియో తియ్యాలి, అదీ పథకం. కాదనడానికి ఆయనకు నోరు రాలేదు. ఆయన దగ్గర ఎప్పుడో ఒక ఏజెంటు చేతిలో పెట్టిన లైసెన్సు ఉంది, శుభ్రంగా రెన్యువల్ అవుతూ వచ్చింది. జీవితంలో స్టీరింగ్ పట్టి పది అడుగులు పోయిన పాపాన పోలేదు. ఎప్పుడూ డ్రైవర్లే.

ఒకరోజు తెల్లవారగట్ల ఆయన స్కూలు షట్టరు ముందు నిలబడి ఉన్నాడు, నెత్తిన మంకీ క్యాపుతో, మే నెలలో.

"నాకు నేర్పాలి శ్రీశైలం. నీ దగ్గరికే ఎందుకొచ్చానంటావేమో. ఇంకొకళ్ల దగ్గరికెళ్తే నాకు రాదన్న సంగతి కొత్తగా వాళ్లకు తెలుస్తుంది. నీకెటూ తెలుసు కదా."

శ్రీశైలానికి కోపం కంటే ముందు ఆశ్చర్యం వేసింది. మనిషికి సిగ్గు లేకపోవడమూ ఒక తెలివే. "మరి పుస్తకంలో నన్ను పడగొట్టిన్రు కద సార్" అన్నాడు.

"అదా? పుస్తకమన్నాక కొంచెం అలంకారం ఉంటుందయ్యా. నువ్వింకా అవన్నీ మనసులో పెట్టుకున్నావా?"

ఆ ఒక్క మాట అనకుండా ఉంటే ఏమయ్యేదో. ఆ మాట విన్నాక శ్రీశైలం నవ్వాడు. "ఛ, గదేం లేదు సార్. కూసోండ్రి" అని తలుపు తెరిచాడు.

నేర్పకూడదని అప్పుడే నిశ్చయించుకున్నాడు. నేర్పినట్టు చేయాలి, అంతే.

రోజూ పొద్దున అయిదున్నరకు, మనుషులు పలచగా ఉన్నప్పుడు బయలుదేరేవారు. చిక్కడపల్లి లైబ్రరీ గేటు తీయకముందే సీటు కోసం సంచులు వరసలో పెట్టి నిలబడ్డ గ్రూప్స్ పరీక్షల పిల్లలు, ఇడ్లీ బండ్లు, పాల వ్యాన్లు. సుందరరావు గారు స్టీరింగ్ తిప్పేవాడు, యాక్సిలరేటరు తొక్కేవాడు. మిగిలినదంతా శ్రీశైలం కాళ్లు చేసేవి. ఆయన క్లచ్ ఎప్పుడు వదిలినా కింద ఇతను పట్టుకుని మెత్తగా వదిలేవాడు. ఆయన బ్రేకు మరిచిపోయినా బండి ఆగేది. ఇందిరా పార్కు దగ్గరి స్టీల్ బ్రిడ్జి ఎక్కుతూ ఆగాల్సి వస్తే, ఇతని కాలి కిందే బండి గోడకు కొట్టిన మేకులా నిలిచేది. "చూశావా, ఎంత తేలికో" అనేవాడు ఆయన. "మీకు చేతిల ఉంది సార్" అనేవాడు ఇతను.

మనాలి దాటాక మొదటి ఎత్తులోనే బండి ఆగిపోతుంది. వెనక లారీలన్నీ మోత మొదలుపెడతాయి. మనవరాలి చేతిలో ఫోను తిరుగుతుంటుంది. ఆ దృశ్యాన్ని శ్రీశైలం రోజూ చాయ్‌తో పాటు చప్పరించాడు. ఎత్తులో ఆగిన బండి ఊరికే ఆగి ఉండదనీ, వెనక్కి పోతుందనీ, ఆ రోడ్డుకు ఒక పక్క ఏముంటుందో తనకు తెలుసుననీ అతనికి గుర్తు రాలేదా అంటే, వచ్చింది. వచ్చినప్పుడల్లా ఇంకో గుటక తాగాడు.

ఇరవయ్యో రోజు నవనీతకు చెప్పాడు. చెప్పకుండా ఉండలేకపోయాడు, అంత సంబరంగా ఉంది. ఆమె హాస్టలుకు ఉల్లిగడ్డలు తరుగుతోంది. కత్తి ఆపలేదు.

"అడ్డామీద నలుగుర్ల నిలబెట్టి అడుగు. కాలరు పట్టుకో. నేను గూడ వస్త. గని చేతగానోన్ని కొండెక్కించి సంపుతవా?" అంది. "గట్లయితే నిజంగనే పడిపోయినట్టే నువ్వు."

నేను చంపుతానన్నానా అని అతను లోపల్లోపల గొణుక్కున్నాడు. మర్నాడు కూడా పెడళ్ల మీద కాళ్లు పెట్టే నడిపించాడు. పగ అంత సులువుగా మాట వినేదైతే అది పగెందుకవుతుంది?

ప్రయాణం ఇంకా మూడు రోజులుందనగా నిహారిక తాతను పట్టుకుని స్కూలు దగ్గరికి వచ్చింది. మనవరాలికి ఆయన చెప్పింది, పాత చెయ్యి కదా, కొంచెం పదును పెట్టుకుంటున్నానని. ఆ రోజు పొద్దెక్కింది. తొమ్మిది దాటాక బయలుదేరారు. ఆమె వెనక సీట్లో కూర్చుని, రెండు ముందు సీట్ల మధ్య తల పెట్టి అన్నీ చూసింది.

"అంకుల్, మీ కాళ్ల దగ్గర కూడా పెడల్స్ ఉన్నాయే?"

"ట్రైనింగ్ బండ్లల్ల ఉంటయి పాపా."

"తాతయ్య కొత్త కారులో లేవు. అక్కడ ఈ సీటు నాదే. దారంతా ఇక్కడినుంచే వీడియో తీస్తాను. నేనింతవరకు మంచు కొండన్నదే చూడలేదు, తెలుసా?"

శ్రీశైలం కిందికి చూసుకున్నాడు. తన చెప్పుల కింద రెండు పెడళ్లు. ఈ పిల్ల చెప్పుల కింద ఉత్త రబ్బరు మ్యాటు. ఇన్నాళ్లూ అతని దృశ్యంలో ఆమెకు ఒక చెయ్యి, చేతిలో ఒక ఫోను మాత్రమే ఉన్నాయి. ఇప్పుడు ఒక జడ, మొటిమల ముఖం, కొండ చూడని కళ్లు వచ్చి కూర్చున్నాయి. తను ఏం చేయబోయాడో అప్పుడు పూర్తిగా అర్థమై భయమేసింది. భయం వెనకాలే పాత కోపం కూడా వచ్చింది. రెండింటికీ ఒకటే దారి కనిపించింది.

"సార్, స్టీల్ బ్రిడ్జి ఎక్కుండ్రి" అన్నాడు.

ఇందిరా పార్కు వైపు నుంచి ఎక్కారు. ఆ వంతెన మీద సగం దూరం పోతే మెట్రో పట్టాలు కూడా కిందికి కనిపిస్తాయి. ఆ చుట్టుపక్కల అంతకన్నా ఎత్తు లేదు. సరిగ్గా ఎత్తు బాగా నిలువుగా ఉన్న చోట ముందు ఏదో ఆటో ఆగిపోయి, బండ్లన్నీ నిలిచిపోయాయి. సుందరరావు గారు బ్రేకు తొక్కి ఆపాడు. వెనక ఒక స్కూటరు మీద ఇద్దరు కుర్రాళ్లు, మధ్యలో లావు పుస్తకాల కట్ట. వాళ్ల వెనక ఇంకో నలభై బండ్లు.

శ్రీశైలం రెండు కాళ్లూ పైకి తీసి, సీటు మీద మఠం వేసుకు కూర్చున్నాడు. కుడి చెయ్యి మాత్రం హ్యాండ్ బ్రేకు మీద ఉంచాడు.

ముందు బండి కదిలింది. సుందరరావు గారు రోజూలాగే బ్రేకు మీంచి కాలు తీశాడు. కారు వెనక్కి నడిచింది. జానెడు, మూరెడు, బారెడు. స్కూటరు కుర్రాళ్లు "ఓ అంకుల్, ఓ అంకుల్" అని కాళ్లతో నేలను తన్నుతూ వెనక్కి జరిగారు. ఆయన యాక్సిలరేటరు తొక్కితే ఇంజను బొబ్బ పెట్టింది, బండి మాత్రం వెనక్కే పోయింది. క్లచ్ వదిలేస్తే ఎగిరిపడి ఆగిపోయి, మళ్లీ జారింది. ఆయన చేతులు రెండూ స్టీరింగ్ మీంచి లేచిపోయాయి.

"శ్రీశైలం, నువ్వే పట్టు, నా వల్ల కాదు!"

శ్రీశైలం హ్యాండ్ బ్రేకు లాగాడు. బండి నిలిచింది. వెనక నలభై హారన్లు ఒక్కసారి లేచాయి. అతను కదల్లేదు. పన్నెండేళ్లు చొక్కా కింద మోసిన మాట ఇంత మెల్లగా బయటికి వస్తుందని అతనే అనుకోలేదు.

"ఆ పొద్దు గూడ గిదే మాటన్నరు సార్. గదే గొంతు. గప్పుడు పడిపోయింది ఎవరో మీ మనవరాలికి చెప్పుండ్రి. చెప్పేదాంక నేను కాళ్లు దించ. ఈ బండ్లన్ని ఎంతసేపన్న మోగనియ్యుండ్రి."

"ఇక్కడా? ఇప్పుడా? జనం చూస్తున్నారు శ్రీశైలం."

"బాగ్ లింగంపల్లిల గూడ చూసిన్రు."

నిహారిక తాతను చూసింది, మఠం వేసుకు కూర్చున్న మనిషిని చూసింది. "తాతయ్యా, నలభై ఏడో పేజీలో శ్రీశైలం ఈయనేనా?" అంది.

సుందరరావు గారు అద్దంలోంచి వెనక బండ్లను చూశాడు. మంకీ క్యాపు లేదు, చీకటి లేదు, నెత్తి మీద ఎల్ బోర్డు ఉంది. హారన్ల మధ్య వినీవినపడకుండా, "పడిపోయింది నేనమ్మా" అన్నాడు. "ఎక్కించింది ఇతనే. దించిందీ ఇతనే. నాకు డ్రైవింగు రాదు."

శ్రీశైలానికి సంతోషం వేసింది. మనసు కరిగిందనీ, జాలి కలిగిందనీ ఎవరైనా చెబితే నమ్మకండి. ఆ ముసలి మెడ వంగడం అతను కళ్లారా, కడుపారా చూసుకున్నాడు. ఆ తర్వాతే వెనక్కి తిరిగి ఆ పిల్లతో చెప్పాల్సిన రెండో మాట చెప్పాడు.

"గింకో మాట పాపా. నేను గూడ నేర్పలే. ఇరవై మూడు రోజులు నా కాళ్లతోనే నడిపిన. రాకున్నా వచ్చిందని చెప్పిన. గా బండి మీరు కొండకు తోలుకపోతే ఏమయితదో నాకు ఎరుకే. ఎరుకుండే చేసిన. గిది నా తప్పు."

ఆ పిల్ల ముఖంలో రంగు పోయింది. తన కాళ్లు సీటు మీదికి తీసుకుని ముడుచుకు కూర్చుంది.

ఇద్దరూ సీట్లు మారారు. శ్రీశైలం క్లచ్‌ను సగం దాకా వదిలి, ఇంజను పట్టు అందగానే హ్యాండ్ బ్రేకు దించాడు. కారు వెంట్రుకవాసి కూడా వెనక్కి పోకుండా ఎక్కింది. దిగేటప్పుడు ఎక్కిన గేరులోనే దించాడు. స్కూలు దగ్గర దిగాక నిహారిక అడిగింది, లద్దాఖ్‌కు మీరు వస్తారా అని. ఆ పేరు ఆమె నోట వినగానే వంకాయ రంగు కొండ అతని కళ్ల ముందు కదిలింది. "రాను" అన్నాడు. "మీ తాత తోల్తడు. వచ్చే ఏడు. నేను నేర్పుత, ఈసారి నిజంగ. గని అయిదున్నరకు గాదు. తొమ్మిదింటికి."

వస్తాడని అతను అనుకోలేదు. మర్నాడు తొమ్మిదింటికి, నారాయణగూడ చౌరస్తా కిటకిటలాడుతుండగా, సుందరరావు గారు షట్టరు ముందు నిలబడి ఉన్నాడు, టోపీ లేకుండా. పక్కనే చెయ్యి పట్టుకుని నిహారిక. తనే లాక్కొచ్చిందో, ఆయనే వచ్చాడో తెలియదు. చిక్కడపల్లి అడ్డా దాటుతుంటే పాత డ్రైవర్లు చాయ్ గ్లాసులు పట్టుకుని చూశారు. "గా పుస్తకం సార్ గాదు?" అని ఒకడు గట్టిగానే అన్నాడు. శ్రీశైలం ఆ చోట బండిని మరీ నెమ్మదిగా పోనిమ్మన్నాడు.

స్కూల్లో నేర్చుకునేవాళ్లకు ఒక అట్ట కార్డు ఇస్తారు. ఏ రోజు ఏం నేర్చుకున్నదీ అందులో అచ్చయి ఉంటుంది, ఎదురుగా నేర్చుకున్నవాళ్లు సంతకం పెట్టాలి. ఇదివరకటి ఇరవై మూడు సంతకాల కార్డును శ్రీశైలం ఆయన కళ్ల ముందే చించి కొత్తది ఇచ్చాడు. సుందరరావు గారు కళ్లజోడు పెట్టుకుని మొదటి గడి చదువుకున్నాడు. 'మొదటి రోజు: స్టీరింగ్ పట్టుకోవడం' అని ఉంది. కింద సంతకం పెట్టాడు.